ఎలుక నెత్తుటిలో థ్రాంబిన్ గ్రాహకము

శరీరమున ఎచ్చటనైనను చిన్న రక్తనాళము తెగినప్పుడు వెలికి వచ్చిన నెత్తురు కొద్ది నిమిషములలోనే చిక్కబడి గడ్డకట్టుట మనమందఱము చిన్ననాటినుండి చూచుచున్న సంగతియే యైనను, ఆ కొద్ది నిమిషములలో ఎన్ని ప్రొటీనులు ఒకదాని నొకటి మేల్కొల్పుచు, ఎంత క్రమముతోను ఎంత నిగ్రహముతోను ఆ కార్యమును నెరవేర్చుచున్నవో తెలిసికొనుటకు వైద్యశాస్త్రమునకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ పరంపరకు తుదియందు నిలిచిన ఎంజైము థ్రాంబిన్. ప్లాస్మాలో కరగియున్న ఫైబ్రినోజెన్‌ను ఖండించి, నారలుగా అల్లుకొను ఫైబ్రిన్‌గా మార్చుట దాని మొదటి పని. 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో బిజ్జోజెరో సూక్ష్మదర్శిని సాయమున వర్ణించిన ప్లేట్‌లెట్లను రేపి, వానిని గాయముకడ గుమిగూడునట్లు చేయుట రెండవ పని. ఈ రెండవ పనికి ద్వారమైన గ్రాహకమును గూర్చియు, దానిని ఎలుకలలో కొలుచుటకు నేడు ప్రయోగశాలలకు దొరకుచున్న ఎలీసా కిట్లను గూర్చియు, ఆ కిట్టు చెప్పెడు అంకెకు అర్థమును నిర్ణయించుటలో గల చిక్కును గూర్చియు ఇచ్చట వివరింప దలచితిని.

థ్రాంబిన్ ప్లేట్‌లెట్లను రేపునని చాలకాలముగా తెలిసియే యున్నను, ఏ విధముగా రేపునన్నది మాత్రము అంతుపట్టలేదు. ఇన్సులిన్ వంటి హార్మోను కణముపై నున్న తన గ్రాహకమునకు అతుకుకొని, అతుకుకొన్నంతసేపు కణములోనికి సంకేతమును పంపుచు, విడివడగానే ఆ సంకేతమును సన్నగిల్లజేయును. థ్రాంబిన్ స్వభావము అట్టిది కాదు. అది ప్రొటీనులను కోయు ఎంజైము, కోసి ముందునకు సాగిపోవుటయే దాని ధర్మము. కోతయే పనిగా గలది సంకేతము నెట్లు అందింపగలదు? 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున షాన్ కాగ్లిన్ బృందమువారు ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనిరి. థ్రాంబిన్‌కు స్పందించు మానవ కణములనుండి ఆర్‌ఎన్‌ఏను తీసి, దానిని ఆఫ్రికా ఖండపు కప్పయొక్క అండములలోని కెక్కించి, థ్రాంబిన్ తగులగానే ఏ అండము కాల్షియమును విడుచుచున్నదో గమనించుచు, ఆ ఆర్‌ఎన్‌ఏ రాశిని భాగములుగా విడదీసి మరల మరల వడపోసి, తుదకు ఒక్క జన్యువును చేపట్టిరి.

ఆ జన్యువునుండి పుట్టు ప్రొటీను మనుష్యులలో 425 అమైనో ఆమ్లముల మాల. అది కణత్వచమును ఏడు మాఱులు అటునిటు దాటి, తన మొదటి కొసను కణమునకు వెలుపల వ్రేలాడదీసికొని యుండును. థ్రాంబిన్ వచ్చి ఆ వెలుపలి కొసలో 41వదియగు ఆర్జినీనునకును 42వదియగు సెరీనునకును నడుమ కోయును. కోతవలన మాటు తొలగి బయలుపడిన క్రొత్త కొస వెనుకకు వంగి వచ్చి, ఆ గ్రాహకముయొక్క దేహమునందే నాటుకొని దానిని రేపును. అనగా గ్రాహకమును రేపవలసిన పదార్థము వేఱెక్కడనో నెత్తుటిలో తిరుగాడుచుండుట లేదు. చంకలో బిడ్డ నుంచుకొని ఊరెల్ల వెదకిన చందమున శాస్త్రజ్ఞులు ఇన్నాళ్లు బయట వెదకినది ఆ గ్రాహకమునందే యొదిగి యున్నది. ఆ క్రొత్త కొసలోని మొదటి ఆఱు అమైనో ఆమ్లములను, అనగా సెరీన్, ఫినైల్ అలనీన్, ల్యూసీన్, ల్యూసీన్, ఆర్జినీన్, ఆస్పరజీన్ అనువానిని, ఆ వరుసలోనే కృత్రిమముగా కూర్చి మానవ ప్లేట్‌లెట్లపై వేసినచో, థ్రాంబిన్ లేకయే అవి రేగుచుండుట ఈ సిద్ధాంతమునకు నిదర్శనమైనది. కోత జరుగు స్థలమునకు సమీపమున ఈ గ్రాహకమునకు మఱియొక విశేషము గలదు: జలగ మన నెత్తురు పీల్చునప్పుడు అది గడ్డకట్టకుండ తన లాలాజలముతో విడుచు హిరుడిన్ అను ప్రొటీనులో థ్రాంబిన్‌ను పట్టుకొను భాగ మెట్లున్నదో, దానిని బోలిన భాగమే ఈ గ్రాహకమునందును ఉన్నది. థ్రాంబిన్‌ను పట్టుటకు జలగ యెంచుకొన్న ఉపాయమును మన కణములును ఎంచుకొనియుండుట నా కెప్పుడును ఆశ్చర్యము గొలుపు సంగతి.

ఒకసారి కోయబడిన గ్రాహకమును తిరిగి కూర్చుట లేదు. అది సంకేతము నందించిన పిమ్మట కణములోనికి లాగికొనబడి, లైసోసోములలో పడి జీర్ణమగును. కణమునకు మరల స్పందించు శక్తి రావలెనన్న, క్రొత్త గ్రాహకములు పైకి రావలసినదే. ఈ గ్రాహకమునకు శాస్త్రజ్ఞులు పార్-1 అను పేరు పెట్టిరి. కిట్ల పెట్టెలపై ఎఫ్2ఆర్ అనియు, కోయాగ్యులేషన్ ఫ్యాక్టర్ టూ రిసెప్టర్ అనియు అచ్చువేయబడునది ఇదియే.

ఇక కిట్టు సంగతి. నెత్తుటి బొట్టులో లక్షలాది అణువుల నడుమ ఒక్క రకపు అణువును ఏఱి కొలుచుట రసాయనశాస్త్రమునకు చిరకాలము అసాధ్యముగానే యుండెను. రసాయనికులకు చేతకాని ఆ ఏఱుటను జీవుల రక్షణవ్యవస్థ యుగయుగములుగా చేయుచున్నదని గ్రహించి, దాని సాయమునే అర్థించిన నాడు గాని మార్గము దొరకలేదు. న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు వెటరన్స్ ఆసుపత్రిలో సాలమన్ బెర్సన్, రోజలిన్ యాలో అను నిరువురు, ఇన్సులిన్‌ను పట్టుకొను యాంటీబాడీలను, రేడియోధార్మికమైన అయొడిను తగిలించిన ఇన్సులిన్‌ను కలిపి, రక్తములోని ఇన్సులిన్‌ను కొలుచు రేడియో ఇమ్యునో అస్సే పద్ధతిని 1960 ప్రాంతమున లోకమున కందించిరి. ఆ పద్ధతిపై వారు పేటెంటు తీసికొనక, అందఱికిని నేర్పుటయే కర్తవ్యముగా భావించిరి. 1972లో బెర్సన్ కన్నుమూసెను. 1977లో నోబెల్ బహుమానము యాలోకు వచ్చినది. కాని రేడియోధార్మిక పదార్థములను భద్రపఱచుటకును, పాఱవేయుటకును గల శ్రమ అన్ని ప్రయోగశాలలకు తాళదగినది కాదు. ఆ భారమును తొలగించినవారు 1971లో ఒకరికొకరు సంబంధము లేకయే రెండు తావుల వెలసిరి: స్వీడనులోని స్టాక్‌హోము విశ్వవిద్యాలయమున ఎవా ఎంగ్‌వాల్, పీటర్ పెర్ల్‌మన్‌లును, హాలెండులోని ఆర్గనాన్ సంస్థలో వాన్ వీమెన్, స్క్యూర్స్ అనువారును. రేడియోధార్మిక పరమాణువునకు బదులుగా ఒక ఎంజైమును తగిలించి, అది పుట్టించు రంగునుబట్టి పరిమాణమును లెక్కించుట వారి ఆలోచన. మొదటివారు పెట్టిన ఎలీసా అను పేరే నేటికిని నిలిచినది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనువారు కేంబ్రిడ్జిలో ఏకరూపమైన మోనోక్లోనల్ యాంటీబాడీలను ఎడతెగక పుట్టించు కణములను సృష్టించిన తరువాత, ఈ పద్ధతికి తరుగని సరఫరా ఏర్పడినది.

కిట్టు పెట్టెను విప్పినచో మొదట కానవచ్చునది, అఱచేతి కన్న కొంచెము పెద్దదియు, స్వచ్ఛమైన ప్లాస్టిక్కుతో చేయబడినదియునైన ప్లేటు. దానిలో ఎనిమిది వరుసలు, వరుసకు పండ్రెండు చొప్పున 96 చిన్న గుంటలు. ప్రయోగశాలలలో వీనిని వెల్స్ అని వ్యవహరింతురు. 1950 దశకపు తొలి యేండ్లలో హంగరీ దేశమున ఇన్‌ఫ్లుయెంజా పరీక్షలకు పరికరములు కరవై యున్న దినములలో డాక్టరు గ్యూలా టకాచీ, తక్కువ ద్రవముతో ఎక్కువ పరీక్షలు జరుపుటకు చేతితో తొలిపించిన ప్లేట్లే వీనికి మూలము. నేటి ప్లేటులో ప్రతి గుంట అడుగునను కంటికి కానరాని యాంటీబాడీల పొర ముందుగనే పూయబడి యుండును. ఎలుక ప్లాస్మానో, కణజాలమును నూఱి తీసిన ద్రవమునో 100 మైక్రోలీటర్లు, అనగా లీటరులో పదివేలవవంతు, పిపెట్‌తో గుంటలో వేసి, శరీరపు వేడిమియగు 37 డిగ్రీలలో గంటయో గంటన్నరయో ఉంచినచో, ద్రవములోని పార్-1 అణువులు అడుగుననున్న యాంటీబాడీలకు చిక్కును. తక్కినదంతయు కడిగివేయుదురు. పిమ్మట అదే అణువును మఱియొక చోట పట్టు రెండవ యాంటీబాడీని వేయుదురు. దానికి బయోటిన్ అను విటమిను తగిలించి యుండును. మరల కడుగుదురు. అటుపై స్ట్రెప్టవిడిన్ అను ప్రొటీను, బయోటిన్‌ను పట్టుకొని, తనతోపాటు పెరాక్సిడేస్ అను ఎంజైమును మోసికొని వచ్చును. ప్రకృతిలో మన మెఱిగిన అత్యంత దృఢమైన బంధములలో స్ట్రెప్టవిడిన్, బయోటిన్‌ల బంధ మొకటి. పెరాక్సిడేస్ దొరకునది హార్స్‌రాడిష్ అను ఐరోపా దుంపలో. అది మన ఆవమొక్కకు, ముల్లంగికి చుట్టము, ఘాటునందు వానికి తీసిపోనిది.

మరల కడిగి, టీఎంబీ అను వర్ణహీనద్రవమును గుంటలలో పోయుట తరువాతి ఘట్టము. ఎఱుక గల పరిశోధకుడు ఈ ఘట్టమున ప్లేటును చీకటిలో నుంచి, అప్పుడప్పుడు తెఱచి చూచుచుండును. గ్రాహకము మెండుగా నున్న గుంటలలో ముందుగా నీలిరంగు లేచును. తక్కువగా నున్నవి లేతనీలముతో వెనుకబడును. నమూనా వేయని గుంట వర్ణహీనముగా నుండవలెను, ఉండనిచో కడుగుటయందు లోపము జరిగినదని తెలియును. పదునైదు నిమిషములు గడచు సరికి నిర్ణీతకాలమున సల్ఫ్యూరిక్ ఆమ్లము వేయగనే ఎంజైము ఆగిపోవును; నీలము ఒక్క క్షణమున పసుపుపచ్చగా మాఱును. ఆమ్లమును వేయు వరుస, టీఎంబీని వేసిన వరుసయే కావలెను. లేనిచో మొదటి గుంటకును కడపటి గుంటకును లభించిన కాలమున తేడా వచ్చి, రంగునందు అసత్యము ప్రవేశించును. ఆపైన 450 నానోమీటర్ల కాంతిని ప్రతి గుంటగుండ పంపి, ఎంత కాంతి గ్రహింపబడినదో యంత్రము చదువును.

యంత్రము చదువునది పసుపురంగును మాత్రమే, గ్రాహకమును కాదు. ఆ రంగును నానోగ్రాములలోనికి, అనగా గ్రాములో నూఱుకోట్లవవంతుల లెక్కలోనికి మార్చుటకు, తెలిసిన పరిమాణము గల ప్రమాణద్రవమును సగము, అందు సగము, మరల సగముగా పలుచన చేసి, ఏడు గుంటలలో వరుసగా వేసి, ఎనిమిదవదానిని ఖాళీగా విడిచి, ఆ రంగులనుండి ఒక వక్రరేఖను గీయవలెను. ప్రతి ద్రవమును రెండేసి గుంటలలో వేయుట ఆచారము గనుక, 96 గుంటలలో ప్రమాణములకు 16 పోగా 80 మిగిలి, నలుబది నమూనాలకు చోటు దొరకును. ప్లేటు అంచుననున్న గుంటలు తక్కినవానికన్న త్వరగా ఆవిరియగును గావున, జాగ్రత్తగలవారు విలువైన నమూనాలను నడుమ నుంతురు. గ్రాహకము మితిమీఱి యున్నచో, మొదటి యాంటీబాడీలును రెండవ యాంటీబాడీలును వేర్వేఱు అణువులను పట్టుకొని జత కుదురక, రంగు హెచ్చుటకు మాఱుగా తగ్గిపోవు వింతయు కొన్ని పద్ధతులలో గలదు. ఒకే నమూనాను పలుచన చేసి మరల కొలిచినవానికే ఆ మోసము తెలియును.

ఇంతవఱకు చెప్పినది ఏ ప్రొటీనునైనను కొలుచు కిట్టుకు చెల్లును. ఎలుక పార్-1 విషయమున ప్రత్యేకముగా ఆలోచింపవలసినది ఇక చెప్పెదను. నా ఉద్దేశమున దీనిని తెలియనివారు కిట్టు కొనుటకన్న కొనకుండుటయే మేలు. మనుష్యుని ప్లేట్‌లెట్లపై థ్రాంబిన్‌కు ప్రధానద్వారము పార్-1 అని తేలినది గదా. ఎలుక ప్లేట్‌లెట్లపైనను అట్లే యుండునని భావించుట సహజము. ఆ భావన తప్పు. మానవ ప్లేట్‌లెట్లను రేపిన ఆ ఆఱు అమైనో ఆమ్లముల పెప్టైడు ఎలుక, కుందేలు ప్లేట్‌లెట్లను రేపజాలదని 1993లోనే కిన్‌లో-రాత్‌బోన్, రాండ్, ప్యాకమ్ అను పరిశోధకులు ప్రకటించిరి. ఎలుక పెప్టైడులో మూడవ స్థానమున ల్యూసీన్‌కు మాఱుగా ఫినైల్ అలనీన్ ఉన్నదన్నది నిజమే కాని, కారణము దానికన్న లోతైనది. 1996లో కాగ్లిన్ బృందమువారు పార్-1 జన్యువును తొలగించి చిట్టెలుకలను పుట్టించినప్పుడు, వానిలో ఇంచుమించు సగము గర్భములోనే నశించినవి. బ్రదికి బయటపడినవాని ప్లేట్‌లెట్లు మాత్రము థ్రాంబిన్‌కు యథాప్రకారము స్పందించినవి. ద్వారము తీసివేసినను ఇంటిలోనికి ప్రవేశము ఆగలేదనగా మఱియొక ద్వార మున్నదని స్పష్టము. 1997లో పార్-3, 1998లో పార్-4 బయలుపడి ఆ సందేహము తీరినది. చిట్టెలుక ప్లేట్‌లెట్లపై నున్నవి ఈ రెండే. అందు పార్-3 తాను సంకేతము నీయక, థ్రాంబిన్‌ను పట్టియుంచి పార్-4 పని సులభము చేయునని 2000లో తేలినది. ఎలుకయు ఈ విషయమున చిట్టెలుక బాటనే నడచినది. మనుష్యునకును కోతులకును పార్-1, పార్-4. ఎలుక జాతికి పార్-3, పార్-4. నిర్వహించు కార్యము ఒకటియే, నియుక్తమైన అణువు వేఱు.

ఈ భేదమువలన కలిగిన ఫలితము పుస్తకములకు మాత్రమే పరిమితము కాలేదు. ఆస్ట్రేలియాలో పెరుగు ఒక వృక్షముయొక్క పట్టలోని హింబసిన్ అను పదార్థమును ఆధారముగా చేసికొని, మానవ పార్-1ను మూసివేయు వొరాపాక్సార్ అను ఔషధమును తయారుచేసినవారు, అది గుండెపోటును ఎంతవఱకు నిలువరించునో ఎలుకలపై పరీక్షింపజాలక, కోతులను ఆశ్రయింపవలసి వచ్చినది. ఎలుక ప్లేట్‌లెట్లపై మూయుటకు ఆ తలుపే లేదు. 2014లో అమెరికా ప్రభుత్వము ఆ ఔషధమును అనుమతించినప్పుడు, పక్షవాతము వచ్చినవారికి దానిని ఈయరాదని నిషేధముకూడ పెట్టినది, మెదడులో రక్తస్రావము హెచ్చుచుండుట పరీక్షలలో కనబడినది గావున. గినీపందుల ప్లేట్‌లెట్లపై పార్-1 గలదు. అందుచేత ప్లేట్‌లెట్ల పరిశోధకులలో కొందఱు వానిని కోరుదురు.

అట్లయిన ఎలుకలో పార్-1ను కొలుచుట వ్యర్థమా? వ్యర్థము కాదు, అది ఎచ్చట నున్నదో తెలిసి కొలువవలెను. ఎలుకలో దాని నెలవు రక్తనాళముల గోడ: లోపొరయందలి ఎండోథీలియల్ కణములు, నడిపొరయందలి మెత్తని కండర కణములు, వాని చుట్టునున్న ఫైబ్రోబ్లాస్టులు. నాడీమండలమునందును అది గలదు. గర్భములో నశించిన ఆ చిట్టెలుకల విషయమునకూడ, జన్యువును రక్తనాళపు లోపొరయందు మాత్రమే తిరిగి నిలిపినచో పిల్లలు బ్రదుకుచున్నవని 2001లో నిరూపింపబడినది. ఎలుక కంఠధమనిలోనికి సన్నని బెలూనును పంపి గోడను గీచి గాయపఱచినచో, మానుచున్న ఆ గోడలో ఈ గ్రాహకము పెంపొందును. గుండెధమనులను వెడల్పు చేసిన పిమ్మట అవి మరల పూడుకొనుటకు గల కారణములను వెదకువారికి ఇది ముఖ్యమైన సంగతి. మిచిగన్ విశ్వవిద్యాలయమున 1990 దశకమున ఎలుకల మెదడులోనికి థ్రాంబిన్‌ను ఎక్కించి, మెదడులో రక్తస్రావమైన తరువాత వచ్చు వాపునకు గడ్డలోని థ్రాంబినే ఒక హేతువని చూపిరి; ఆ పరిశోధనామార్గమున పార్-1ను మెదడు కణజాలములో కొలుచుట నేటికిని అవసరమగుచున్నది. ఈ ప్రశ్నలకు ఎలుక మంచి సాక్షి. ప్లేట్‌లెట్లను గూర్చిన ప్రశ్నకు అది సాక్షి కాజాలదు.

ఇచ్చట మఱియొక చిక్కు తలయెత్తును. పార్-1 కణత్వచములో ఏడు మాఱులు కుట్టుకొని యున్న ప్రొటీను. అది నెత్తుటిలో స్వేచ్ఛగా తేలుచుండునది కాదు. కిట్టుతోడి కరపత్రమున "సీరము, ప్లాస్మా, కణజాలద్రవము" అని మూడును ఒకే గాటకు కట్టి వ్రాయుట సామాన్యము. ప్లాస్మాలో దొరకునది ఏది? కణములనుండి రాలిన సూక్ష్మకోశికలపై నున్న గ్రాహకము కావచ్చును. థ్రాంబిన్ కోసి విడిచిన తొలికొస కావచ్చును. చనిపోయిన కణముల శకలములు కావచ్చును. యాంటీబాడీ గ్రాహకములో ఏ భాగమును పట్టుచున్నదో తెలియనంతవఱకు, ఆ అంకె వీనిలో దేనిని గూర్చి చెప్పుచున్నదో తెలియదు. మానవ పార్-1 కొఱకు తయారైన రెండు యాంటీబాడీలు ఈ సంగతిని చక్కగా విశదపఱచును: స్పాన్12 అనునది కోతస్థలమునకు ఇరువైపుల పట్టుకొనునది గావున, కోయబడని గ్రాహకమును మాత్రమే గుర్తించును, డబ్ల్యూఈడీఈ15 అనునది కోయబడినదానిని, కోయబడనిదానిని కూడ గుర్తించును. ఒకే కణముల గుంపును ఈ రెంటితో కొలిచినచో, మొదటిది తగ్గి రెండవది నిలిచియుండినపుడు థ్రాంబిన్ తన పని చేసిపోయినదని బోధపడును. ఒక్కదానితోనే కొలిచినవాడు గ్రాహకము తగ్గినదని భ్రమించును.

సీరము తీయువారికి మఱింత జాగ్రత్త కావలెను. సీరమనగా నెత్తురును గాజునాళములో గడ్డకట్టనిచ్చి, ఆ గడ్డనుండి వేఱైన ద్రవము. నాళములో నెత్తురు గడ్డకట్టుచున్నదనగా అచ్చటనే థ్రాంబిన్ పుట్టి, అచ్చటనే ఎదురైన గ్రాహకముల నెల్ల కోయుచున్నదని యర్థము. రక్తస్కందనమునకు సంబంధించిన గ్రాహకమును కొలువదలచి, కొలతకు ముందే స్కందనమును జరుపుట, ప్రశ్నను తుడిచివేసి జవాబు వెదకుటయే యగును. సిట్రేటు కలిపి తీసిన ప్లాస్మాయే ఈ పనికి తగినదని నా నిశ్చయము. తీయుటయందును నేర్పు కావలెను: సూది ఒకే మాఱు నాళములో దిగవలెను, నెత్తురు మెల్లగా, ఆగకుండ రావలెను, తొలి బొట్టులను విడిచి తరువాతి దానిని గ్రహించినచో, గాయమునుండి వచ్చు కణజాలద్రవముతో గడ్డకట్టు క్రియ రేగకుండును. ఎఱ్ఱకణములు పగిలి ప్లాస్మా ఎఱ్ఱబారినచో, హీమోగ్లోబిన్‌కును పెరాక్సిడేస్‌వంటి గుణము కొంత గలదు గావున, రంగులో అబద్ధము చేరును.

250 గ్రాముల ఎలుక శరీరములో గల నెత్తురు ఇంచుమించు 16 మిల్లీలీటర్లు. అందు పదవవంతుకు మించి ఒకసారి తీయరాదన్నది జంతుసంరక్షణ నియమము. కిట్టుకు కావలసినది గుంటకు 100 మైక్రోలీటర్లే గావున, వేఱువేఱు దినములలో అదే ఎలుకనుండి నెత్తురు తీసి, చికిత్సకు ముందును వెనుకను గల స్థితిని పోల్చుటకు వీలు గలదు. పదిదినములకొక గుంపు చొప్పున ఎలుకలను చంపవలసిన అవసరము తగ్గును. మన హైదరాబాదు నగరమున జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దములుగా విస్టార్ జాతి ఎలుకలను వంశక్రమము తప్పకుండ పెంచి, దేశమందలి ప్రయోగశాలలకు సరఫరా చేయుచున్నది. 1918లో కూనూరున మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధనయే 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి ఈ సంస్థగా ఎదిగినది. అంతటి శ్రద్ధతో పెంచిన ప్రాణిని గైకొనువాడు, దాని నెత్తుటిబొట్టునుండి రాబట్టు అంకెకు అంతటి శ్రద్ధనే చూపుట ధర్మము.

ఆ శ్రద్ధకు కొన్ని మార్గములు కలవు. నమూనాను రెండింతలు పలుచన చేసినచో అంకె సగమగుచున్నదా యని చూడవలెను. తెలిసినంత గ్రాహకమును నమూనాలో కలిపి, కలిపినంతయు తిరిగి లెక్కలోనికి వచ్చుచున్నదా యని చూడవలెను. అదే కణజాలమును వెస్టర్న్ బ్లాట్ పద్ధతిలో పరీక్షించి, యాంటీబాడీ పట్టుచున్న ప్రొటీను బరువు పార్-1 బరువునకు సరిపోవుచున్నదా యని చూడవలెను. వీనన్నిటికన్న గట్టి పరీక్ష, జన్యువును తొలగించిన జంతువుయొక్క కణజాలమును ప్లేటుపై వేయుట: అందులోను పసుపురంగు లేచినచో, ఆ కిట్టు కొలుచుచున్నది పార్-1ను కాదని వెంటనే తేలిపోవును. మానవ గ్రాహకముపై పుట్టించిన యాంటీబాడీ ఎలుక గ్రాహకమును పట్టునని పెట్టెపై వ్రాసినంత మాత్రమున నమ్మరాదు. తొలికొస భాగమున ఈ రెండు జాతుల వరుసలలో గల తేడాలు చిన్నవి కావు. కణజాలమును కొలిచినప్పుడు అంకెను మిల్లీలీటరునకు కాక, ఆ ద్రవములోని మొత్తము ప్రొటీనులో మిల్లీగ్రామునకు ఇంతయని చెప్పవలెను. లేనిచో నూఱుటకు వాడిన ద్రవము హెచ్చుతగ్గులే గ్రాహకపు హెచ్చుతగ్గులుగా కానవచ్చును. త్వచములో నాటుకొనియున్న ప్రొటీనును వెలికి తీయుటకు తగిన డిటర్జెంటును వాడుటయు అవసరమే. అది మితిమీఱినచో గుంట అడుగుననున్న యాంటీబాడీలు సయితము ఊడివచ్చును.

పరిశోధన పత్రములలో ఈ వివరములు తఱచుగా లోపించుట నాకు నిజముగా వ్యథ కలిగించుచున్నది. "ఎలీసా కిట్టుతో పార్-1 కొలువబడినది" అను ఒక్క వాక్యముతో పని ముగించి, ప్లాస్మాయో సీరమో చెప్పక, కిట్టు సంఖ్యయు తయారీ సంఖ్యయు చెప్పక, యాంటీబాడీ ఏ భాగమును పట్టునో చెప్పక, ఎలుక ప్లేట్‌లెట్ల క్రియాశీలతకు ఆ అంకెయే ప్రమాణమని వ్రాసిన పత్రమును చదివినవాడు దానిని తిరిగి పరీక్షించుటకు గాని, ఖండించుటకు గాని అవకాశము లేక నిలిచిపోవును. ఆ వివరములన్నియు కరపత్రమునందును, ప్రయోగశాల దినచర్య పుస్తకమునందును ఉండియే యున్నవి. వానిని పత్రములోనికి దింపుటకు మూడు పంక్తులు చాలును.